బ్రాడీపేట చెక్‌పోస్టు తాతగారు, పటమట బాబాయి, ఇంకా మా పిన్ని

బ్రాడీపేటలో ఇల్లు వెతుక్కోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు, అంకెలొస్తే చాలు. నాలుగు బై పధ్నాలుగు అంటే నాలుగో లైను, పధ్నాలుగో అడ్డరోడ్డు, అంతే, రిక్షా అతను కూడా ఇంకో మాట అడిగేవాడు కాదు. దొరల కాలంలో గీతలు గీసినట్టు వేసిన పేట, పక్కనున్న అరండల్‌పేటా అంతే, పేర్లు కూడా దొరలవే. మా ఇల్లు ఆ అంకెల్లో ఎక్కడో ఒకచోట ఉండేది, ఏ నంబరో చెప్పను, ఎందుకంటే అదే మూల మీద తాతగారి గేటు కూడా ఉండేది, ఆయన మనవలు ఇప్పుడు ఫేస్‌బుక్‌లో నా ఫ్రెండ్సే, నేనేం రాసినా లైకు కొడతారు పాపం.

తాతగారంటే మా తాత కాదు. వీధి మొత్తానికి తాతగారు. మేం పిల్లలం చాటుగా పెట్టుకున్న పేరు చెక్‌పోస్టు. పొద్దున పాలతను వచ్చేటప్పటికే తెల్ల పంచె, చేతుల బనీను, గేటు మీద రెండు మోచేతులు ఆనించి నిలబడి ఉండేవారు, లోపల రేడియోలో విజయవాడ కేంద్రం ప్రాంతీయ వార్తలు వాటంతటవే వస్తా ఉండేవి, ఆయన వినేవారని నేననుకోను. మా వీధిలోంచి శంకర్ విలాస్ సెంటర్ వైపు పోవాలంటే ఆ గేటు దాటాలి, దాటాలంటే ఆగాలి, ఆగితే "ఏమ్మా, ఎందాకా?" అంటారు, మనం నిజం చెప్తాం, అక్కడ దొరికిపోతాం. హోటల్‌కి అంటే బయటి తిండి మీద క్లాసు. లైబ్రరీకి అంటే నవలలు చదివి ఆడపిల్లలు ఎట్టా పాడైపోతున్నారో క్లాసు. ట్యూషన్ అంటే మా కాలంలో ట్యూషన్లున్నయ్యా, వీధి దీపం కింద చదువుకున్నాం అని. గుడికి అంటే అక్కడన్నా వదిలేస్తారనుకుంటాం కదా, అబ్బే, గుడికి చెప్పులేసుకుని వెళ్తారా ఎవరన్నా అని. మా అన్నయ్య ఒకసారి విసుగొచ్చి "ఎక్కడికీ లేదండీ, ఊరికే" అన్నాడు. ఇంక చూస్కోండి, ఊరికే తిరిగే కుర్రాళ్ళ మీద ఆ రోజు పడిన క్లాసు అన్నిటికంటే పొడుగు. అప్పట్నుంచి వాడు ఒక అడ్డరోడ్డు ముందే సైకిల్ తిప్పేసి చుట్టు తిరిగి వెళ్ళేవాడు. నేను తిప్పితే "అమ్మాయి ఈమధ్య వేరే దారిన పోతందేంటి" అని మా నాన్నకి రిపోర్టు వచ్చేది. అది వేరే సంగతి.

ఆయన మాటలు కొన్ని ఇప్పటికీ నాకు అదే గొంతుతో వినపడతాయి. "నీ మంచి కోరే చెప్తన్నా." "నాకేం ఒరుగుద్ది చెప్పు." "పెద్దాణ్ణి కాబట్టి చెప్పడం నా ధర్మం, వినడం వినకపోవడం నీ ఖర్మ." ఈ మూడోదానికి మాత్రం మా అమ్మ కూడా నవ్వేది, ధర్మమంతా ఆయనకి పెట్టుకుని ఖర్మ మనకి పంచారే అని.

ఇంకో తమాషా ఏంటంటే, ఆయన సిగరెట్ మీద చెప్పినంత గట్టిగా ఇంక దేని మీదా చెప్పేవారు కాదు. రిక్షా వాళ్ళు బీడీ వెలిగిస్తే చాలు, ఊపిరితిత్తులు, పెళ్ళాం పిల్లలు, బీడీ డబ్బులు కూడబెడితే ఏడాదికి ఎంతవుతుందో నోటి లెక్క, అన్నీ వచ్చేవి. ఆయన రిటైరయ్యింది పొగాకు కంపెనీలో. గుంటూర్లో అదేం వింత కాదు, పొగాకు బోర్డు ఆఫీసే మా ఊళ్ళో ఉంది, 1976లో పెట్టినప్పట్నుంచీ. ప్రతి వీధిలోనూ పొగాకులో బతికిన ఇల్లు ఒకటన్నా ఉండేది. కానీ ఈ సంగతి ఆయన ముందు ఎత్తితే ఒప్పుకునేవారు కాదు, "నేను ఆకు చూశానమ్మా, పొగ చూళ్ళేదు" అనేవారు. నిజమే, ఆయన జన్మలో కాల్చలేదు.

ఆ ఆకు గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆయన వేరే మనిషి. ఎండాకాలం సాయంత్రాలు కరెంటు పోయినప్పుడు వాళ్ళ అరుగు మీద కూర్చునేవాళ్ళం కదా, అప్పుడు అడిగితే చెప్పేవారు. పచ్చాకు కొట్టుకొచ్చి కర్రలకి గుచ్చి బ్యారన్లో, అంటే పొగాకు ఆరబెట్టే కొట్టంలో, వరసలుగా వేలాడదీస్తారట, కింద పొయ్యి, గొట్టాల్లోంచి వేడి పోతుంది తప్ప ఆకుకి పొగ తగలకూడదట. 95 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, అంటే ఫారన్‌హీట్‌లో, ముందు రంగు తేలనిచ్చి, తర్వాత ఆకు ఆరబెట్టి, చివరికి ఈనె ఎండేదాకా 160 వరకు పెంచుకుంటూ పోతారట, వారం రోజులు రాత్రీ పగలూ మనిషి కాపలా ఉండాలి, రెండో రోజు కునుకు తీస్తే రంగు పోతుంది, రంగు పోతే రేటు పోతుంది. చీకట్లో ఆకు చేతికిచ్చినా ఏ గ్రేడో చెప్పగలను అనేవారు, ఎండాకుని వేళ్ళ మధ్య నలిపినట్టు చూపిస్తా. 1985లో మన దగ్గర వేలం ఫ్లోర్లు వచ్చాక రైతు కళ్ళముందే రేటు పాడటం మొదలైంది, అంతకుముందు కంపెనీ వాడు చెప్పిందే రేటు అని కూడా ఆయనే చెప్పారు, ఆ కంపెనీ జీతం తిన్న మనిషే. అడిగిన ప్రశ్నకి తెలిస్తే చెప్పేవారు, తెలీకపోతే "అది నా డిపార్టుమెంటు కాదమ్మా" అనేవారు. తనకి తెలిసిన ఆకు గురించి అంత జాగర్తగా మాట్లాడే మనిషి, మర్నాడు పొద్దున గేటు దగ్గర తనకి బొత్తిగా తెలీని ఆడవాళ్ళ కాపురాల గురించి ఏ మాత్రం అనుమానం లేకుండా ఎట్టా మాట్లాడేవారో, నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒక విషయం మాత్రం చాలా ఏళ్ళు మాకెవరికీ తట్టలేదు, మా అమ్మ కనిపెట్టింది. మా ఎదురు వరసలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఓనర్ గారి ఇల్లు ఉండేది, మూడంతస్తులు, కాంటెస్సా కారు. వాళ్ళబ్బాయి యమహా ఆర్ఎక్స్ మీద సైలెన్సర్ తీసేసి వీధి అదిరేలా వచ్చేవాడు, పైగా పెదాల మీద సిగరెట్టు. ఆ బండి మూల తిరిగేటప్పటికి చెక్‌పోస్టు ఎత్తేసి ఉండేది. "ఏం బాబూ, నాన్నగారు కులాసానా" అంతే. పాల కేన్ల అతనికి సైకిల్ బెల్లు ఎక్కువ కొడతన్నావని క్లాసు పీకిన నోరే అది! "ఆయన గొంతు ఎవరి దగ్గర ఎంత ఉంటుందో చూడు, వాళ్ళ ఇల్లు ఎన్నంతస్తులో చూడకుండా చెప్పెయ్యొచ్చు" అంది అమ్మ ఒకరోజు బియ్యం ఏరుకుంటా. ఆ తర్వాత నేను గమనించడం మొదలుపెట్టా. నిజంగానే. ప్లీడర్ గారికి నమస్కారం, డాక్టర్ గారికి నమస్కారం ప్లస్ మోకాళ్ళ నొప్పి, మాలాంటి అద్దెవాళ్ళకి సలహా, మా ఇంట్లో పనిచేసే మనిషికి ఆర్డరు. ఆడపిల్లలకి అయితే ఏ అంతస్తయినా సలహానే.

అందరికంటే ఎక్కువ తిన్నది ఇస్త్రీ అక్క. కానుగ చెట్టు కింద బండి, బొగ్గుల పెట్టె, సరిగ్గా ఆయన గేటుకి ఎదురుగా, పారిపోడానికి కూడా వీల్లేదు. వాళ్ళాయన మిర్చి యార్డులో హమాలీ. టిక్కీలు మోసేవాడు, సీజన్లో యార్డుకెళ్తే మనకి గేటు దగ్గరే కళ్ళ నీళ్ళూ తుమ్ములూ, అట్టాంటి ఘాటులో పొద్దుగూకులూ ఆ బస్తాలు వీపున మోసి సాయంత్రానికి ఒళ్ళంతా మంట, సారా కొట్టుకి పోయి పడేవాడు. తాతగారు ఆవిడతో అనేవారు, నేను విన్నా, "మొగుడు తాగుతున్నాడంటే లోపం ఇంట్లో ఉందని అర్థం. ఇంటికొచ్చేసరికి నువ్వు నవ్వు మొహంతో ఉంటే వాడు కొట్టుకెందుకు పోతాడు?" అని. ఆవిడ పెట్టె ఎత్తి బొగ్గులు ఊది, "అయ్యగారూ, పంచెకి గంజి ఎంత పెట్టమంటారు?" అనేది. ప్రతిసారీ అదే జవాబు. ఆయన గంజి సంగతి చెప్పేసి మళ్ళీ మొదటికొచ్చేవారు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట కబుర్లు పేపర్లో రావడం మొదలయ్యాక ఆ బండి దగ్గర సీను మారింది. రోజూ ఒక పేజీ సారా ఉద్యమం మీదే ఉండేది గుర్తుందా, ఇస్త్రీ అక్కకి చదవడం రాదు, బట్టలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నాచేత చదివించుకునేది. అక్కడ రాత్రి బడికి పోయిన ఆడవాళ్ళు వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం చదివి, తాగి వచ్చే మొగుళ్ళ కథ మాదే కదా అని కదిలారని, సారా కొట్లకి తాళాలేయించారని, వేలంపాటలు జరగనివ్వలేదని, అన్నీ. ఒక్కోటి రెండు మూడు సార్లు చదవమనేది. నాకు హోంవర్కు ఉందక్కా అంటే చొక్కా ఒకటి ఫ్రీగా చేసిస్తా చదవమ్మా అనేది.

1993 అక్టోబర్ ఒకటిన సారా బందయ్యింది. 1994 డిసెంబర్లో రామారావు గారు ప్రమాణ స్వీకారం చేసిన వేదిక మీదే సంతకం పెట్టారు, సంక్రాంతి వెళ్ళాక మొత్తం మందే బందు. ఆ రోజు తాతగారు గేటు బయటికొచ్చి, మామూలుగా రారు, బండి దాకా వచ్చి, "చూశావా, నేను ఎన్నేళ్ళ నుంచి చెప్తున్నా" అన్నారు. ఇస్త్రీ అక్క ఎప్పుడూ గంజి మాటే కదా, ఆ రోజు మాత్రం పెట్టె కింద పెట్టి, "మీరు మా ఆయనతో ఒక్కసారి కూడా చెప్పలేదు కదయ్యగారూ, నాతోనే చెప్పారు" అంది. గొడవగా కాదు, లెక్క అప్పజెప్పినట్టు. ఆయన ఏమన్నారో నాకు గుర్తులేదు, బహుశా ఏమీ అనలేదేమో.

మద్యనిషేధం ఎట్టా నడిచిందో మీలో ఆ వయసు వాళ్ళకి తెలుసు, పక్క రాష్ట్రాల సరుకు, నాటుసారా, అన్నీ. మూడంతస్తుల ఇంట్లో పార్టీలేం ఆగలేదు. 1997లో ఎత్తేశారు. దాని మంచిచెడ్డలు నేను తేల్చలేను గానీ, నవ్వు మొహం లేక తాగుతున్నారు అన్న థియరీ మాత్రం ఆ దూబగుంట ఆడవాళ్ళెవరూ పెట్టుకోలేదు. కొట్టు ఎక్కడుంది, ఎవరు నడుపుతున్నారు, మూయించడం ఎట్టా, అంతే చూశారు.

ఇప్పుడు రెండో పార్టీని పరిచయం చెయ్యాలి. పటమట బాబాయి. నాన్నకి పెదనాన్న కొడుకు కాదు, చిన్నాన్న కొడుకు, బెజవాడలో హైస్కూల్లో సైన్సు మాస్టారు. హేతువాది. పటమటలో ఉన్నందుకు ఆయన అదృష్టం, నాస్తిక కేంద్రం నడిచి వెళ్ళేంత దూరం. మాట్లాడితే గోరా గారు, గోరా గారు అనేవాడు. గోరా గారు 1940లో ముదునూరులో కేంద్రం పెట్టి, 1947లో పటమటకి తెచ్చారు, పెద్దమ్మాయికి కులాంతర పెళ్ళి చేశారు, అది కూడా 1948లో, గాంధీ గారి సేవాగ్రాం ఆశ్రమంలో, దేవుడి పేరెత్తకుండా. మహిమల్లేవని చెప్పడానికి వాళ్ళు నిప్పుల మీద నడిచి చూపించేవాళ్ళు. మా బాబాయి నడవలేదు, నడిచిన వాళ్ళ గురించి చెప్పాడు. బాబాయి పెళ్ళి మా నాన్నమ్మ చూసిన సంబంధం, ముహూర్తం పెట్టే జరిగింది, కట్నం ఎంతో అడగొద్దు. కానీ మా ఇంటికొస్తే గుమ్మానికి కట్టిన గుమ్మడికాయ దగ్గర మొదలుపెట్టేవాడు. చెప్పులు విప్పకముందే క్లాసు. నాన్నమ్మ ముడుపు కట్టినా, మంగళవారం గోళ్ళు తియ్యొద్దన్నా, నిమ్మకాయ దిష్టి తీసినా, "పెద్దమ్మా, ఇది అజ్ఞానం" అని. నాన్నమ్మ "సరే నాయనా" అని వినేది, ఆయన బెజవాడ బస్సు ఎక్కగానే ఆయనకే దిష్టి తీసి పడేసేది, పిల్లాడు మరీ వాగుతున్నాడు ఎవరి కళ్ళు పడ్డాయో అని.

చెక్‌పోస్టు తాతగారు, పటమట బాబాయి ఎదురుపడితే ఎట్టా ఉంటుందో అని మాకు ఎప్పట్నుంచో ఆశ. ఆ ఆశ తీరింది 1995 అక్టోబర్ 24న. దీపావళి మర్నాడు, మంగళవారం, పొద్దున్నే సూర్యగ్రహణం. ఉత్తరాదిన సంపూర్ణం, మాకు పాక్షికం. వీధంతా దీపావళి కాగితాలు, ఎవరూ ఊడవడానికి బయటికి రాని రోజు. బాబాయి పండగకి ముందురోజే వచ్చాడు. పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, అమ్మమ్మ పోయాక ఆవిడకి పుట్టిల్లు మా ఇల్లే, తను కూడా వచ్చి ఉంది, ఏడో నెల. పిన్ని అప్పటికి బ్యాంకులో క్లర్కు, నరసరావుపేట బ్రాంచి, రోజూ గుంటూరు నుంచి అప్ అండ్ డౌన్. నాన్నమ్మ రాత్రే పంతులుగారింట్లోంచి దర్భలు తెచ్చి ఆవకాయ జాడీల మీద, పెరుగు గిన్నె మీద, నీళ్ళ బిందె మీద వేసేసింది.

గ్రహణం పట్టకముందే తాతగారు మా వరండాలోకి వచ్చేశారు. "కడుపుతో ఉన్న పిల్ల ఉందటగా, తలుపులూ కిటికీలూ మూశారా లేదా" అని. బాబాయి పేపర్ మడిచి లేచాడు. అంతే ఇంక. చంద్రుడు అడ్డొస్తే నీడ పడుద్ది, నీడకీ గర్భానికీ సంబంధమేంటండీ అని ఈయన, గ్రహణమొర్రి అని ఊరికే పేరొచ్చిందా మాస్టారూ అని ఆయన. మీరు సైన్సు చదివారు మేం లోకం చదివాం అని ఆయన, లోకమంటే మీ గేటు దగ్గర్నుంచి మా గేటు దాకానా అని ఈయన. నేనూ అన్నయ్యా ఆనందంతో చచ్చిపోయాం. టీవీలో గ్రహణం లైవ్ వస్తోంది, ఎవడూ చూడట్లా.

కాసేపటికి తాతగారు లోపలికి కేకేశారు, "అమ్మాయ్, గది దాటి రామాక, కదలకుండా వెల్లకిలా పడుకో, కత్తి కత్తెర ముట్టుకోవద్దు" అని. బాబాయి ఇంకా గట్టిగా, "అమ్మాయ్, నువ్వు బయటికి రా, వచ్చి వీధిలో నిలబడు, కూరగాయలు తరుగు, నలుగురికీ ఆదర్శంగా ఉంటది" అని. పిన్ని గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నాకు కాళ్ళ వాపులు బావగారూ, నిలబడలేను. పడుకుంటే ఆయాసం తాతగారూ, పడుకోలేను. ఇక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటా" అంది. కూర్చుంది. దొడ్లో పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి నాన్నమ్మ పెట్టింది చూడ్డానికి, కొంచెం కొరికిన బిళ్ళలాగా సూర్యుడు అందులో వణుకుతా కనిపించాడు, నేను తీసుకొచ్చి పిన్నికి చూపించబోయా, పళ్ళెం కదిపితే సూర్యుడు వస్తాడా పిచ్చిమొహమా అని నవ్వింది.

ఆ తర్వాత జరిగిందే నాకు అసలు గ్రహణం కంటే బాగా గుర్తు. ఇద్దరూ అలిసిపోయారు. బాబాయి కాఫీ తాగుతున్నాడు, తాతగారు విడుపు అయ్యేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. ఏదో మాట కలపాలి కదా, తాతగారు అన్నారు, "అయితే అమ్మాయి డెలివరీ అయ్యాక కూడా ఆ నరసరావుపేట తిరుగుడు తిరుగుద్దా?" అని. బాబాయి వెంటనే, "అదే నేనూ చెప్తున్నానండీ, సైంటిఫిక్‌గా చూసినా మొదటి అయిదేళ్ళు తల్లి పక్కన ఉండాలి" అన్నాడు. "శాస్త్రం చెప్పేదీ అదే కదా" అన్నారు తాతగారు. "రిజైన్ చేసేస్తే మంచిది." "ఎవరి కోసం సంపాదించాలి, మొగుడికి ఉద్యోగం లేదా?" "నేనూ అదే అంటున్నా." "పరిగెత్తి పాలు తాగేకంటే..." "కరెక్టండీ, కరెక్టు." తాతగారు బాబాయి భుజం తట్టారు. మాస్టారూ మీరు నాస్తికులన్న మాటే గానీ మనిషి మంచివారు అన్నారు. బాబాయి మొహం వెలిగిపోయింది. దేవుడున్నాడా లేడా దగ్గర తెగని తగవు, పిన్ని ఉద్యోగం దగ్గర రెండు నిమిషాల్లో తెగిపోయింది.

పిన్ని కుర్చీలోంచి లేస్తా, వంటింట్లో ఉన్న మా అమ్మని పిలిచింది. "అక్కా, వచ్చి చూడవే, గ్రహణం ఇప్పుడు పట్టింది" అంది.

మా నాన్నమ్మకి అర్థం కాలేదు, లేదే, ఇంకా టైముందే విడవడానికి అంది. మా అమ్మకి అర్థమై పమిట నోట్లో కుక్కుకుంది.

పిన్ని రిజైన్ చెయ్యలేదు. మెటర్నిటీ లీవు అయ్యాక పిల్లని మా అమ్మ దగ్గర వదిలి అదే నరసరావుపేట బస్సెక్కింది, ఎక్కేటప్పుడు చెక్‌పోస్టు దాటాలి కదా, "ఏమ్మా, పసిబిడ్డని వదిలేసి ఎందాకా" అంటే "క్యాష్ కౌంటర్ దాకా తాతగారూ, మీ ఫిక్సుడ్ డిపాజిట్ ఉంటే చెప్పండి, వెయ్యిస్తా" అని వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకి ఆయన నిజంగానే డిపాజిట్ ఫారం పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు, వడ్డీ ఎక్కడ ఎక్కువో చెప్పమని. ఆ రోజు నుంచీ పిన్నికి సలహాలు బందు. చెల్లాయికి ఏ మొర్రీ రాలేదు గానీ పిన్ని నోరు మాత్రం వచ్చింది.

నా ఎంసెట్ ర్యాంకు అప్పుడు ఆయన చెప్పినవీ, నన్ను హైదరాబాద్ పంపొద్దని మా నాన్నని కూర్చోబెట్టి చెప్పినవీ రాస్తే చాలా అవుతుంది, పైగా మీ ఇళ్ళల్లో కూడా అవే మాటలు వినే ఉంటారు, గుంటూరు బెజవాడల్లో పుట్టి ఎంసెట్ మీద పక్కింటివాళ్ళ క్లాసు వినని వాళ్ళెవరున్నారు. నేను హైదరాబాద్‌లో ఉన్నప్పుడే ఆయన పోయారు. ఇల్లు అపార్టుమెంటయ్యింది, మాదీ అయ్యింది. ఇస్త్రీ అక్క బండి కొన్నాళ్ళు సెల్లార్లోకి మారింది, తర్వాత వాళ్ళబ్బాయి కొరిటెపాడు వైపు కరెంటు ఇస్త్రీతో షాపు పెట్టాడు. ఆ వీధిలో ఇప్పుడు ఎవరెందాకా పోతున్నారో ఎవరూ అడగరు. హాయిగానే ఉంటుంది, నేనేం ఆయన్ని మిస్ అవుతున్నా అని అబద్ధం చెప్పను. ఆ బ్యారన్ కబుర్లు మాత్రం ఇంకా అడిగి ఉండాల్సింది.

చెక్‌పోస్టులు పోయాయని అనుకోకండి. 2018లో బెజవాడ కానూరు వైపు ఒక ఫంక్షన్ హాల్లో మా బంధువుల రిసెప్షను. అప్పుడు కొబ్బరినూనె డైట్ సీజను, మన జిల్లాల్లో ప్రతి ఇంట్లో ఒకరన్నా చేస్తున్నారు, రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, నాలుగు లీటర్ల నీళ్ళు, మూడు నిమ్మకాయలు, రెండు మల్టీవిటమిన్ గోలీలు, అన్నం లేదు, చక్కెర లేదు, పండు లేదు. చేసినవాళ్ళు తగ్గారు, కొందరు మళ్ళీ పెరిగారు, నాకు దాని మీద ఏ గొడవా లేదు, ఎవరి కొబ్బరినూనె వాళ్ళిష్టం. కానీ పటమట అన్నయ్య, అవును, ఆ బాబాయి కొడుకే, పధ్నాలుగు కేజీలు తగ్గి ఉన్నాడు, చొక్కా వదులు, చేతిలో నిమ్మకాయ నీళ్ళ సీసా. బాబాయికి హేతువాదం ఎట్టాగో వీడికి కొబ్బరినూనె అట్టా.

బంతి మీద వీడు నా పక్కన, వీడికి అవతల కాంట్రాక్టర్ గారొకాయన, పొట్ట టేబుల్‌కి ఆనుతోంది, కాజూ కత్లీ మీద కాజూ కత్లీ వేయించుకుంటున్నారు. అన్నయ్యకి ఆయన దగ్గర ఏదో బిల్లు రావాలట. "సార్, జున్ను కూడా బాగుందంట, వేయిస్తా" అంటున్నాడు. ఇంతలో వడ్డించే కుర్రాడు బిరియానీ గిన్నెతో వచ్చాడు. డిగ్రీ చదివే కుర్రాడు, ఇట్టా ఫంక్షన్లకి వచ్చి రోజుకింత అని తీసుకుపోతారు కదా, సన్నగా రివటలా ఉన్నాడు, చేతికి ప్లాస్టిక్ గ్లవుజు. అన్నయ్య వాణ్ణి ఆపాడు. "తమ్ముడూ, నువ్వు అన్నం తింటావా?" అన్నాడు. కుర్రాడు ఏం చెప్పాలో తెలీక "అందరూ అయ్యాక పెడతారు సార్" అన్నాడు. "మానెయ్. తెల్లన్నం అంత విషం ఇంకోటి లేదు. నీ మంచి కోరే చెప్తున్నా."

నాకు ఒక్క క్షణం వెన్నులో ఏదోలా అయింది, ఆ మాట అదే గొంతుతో.

పాపం కుర్రాడు నిలబడ్డాడు, చేతిలో గిన్నె బరువు, వెనక లైన్లో ఇంకా వెయ్యాలి, ఇన్సులిన్ అంటే ఏంటి, కొవ్వు ఎట్టా కరుగుద్ది, అన్నీ విన్నాడు. రెండు కుర్చీల అవతల కాంట్రాక్టర్ గారు మూడో జున్ను ముక్క తింటున్నారు, అటు పొరపాటున కూడా చూళ్ళేదు అన్నయ్య. చివరికి "అయితే సార్, మీకేం వెయ్యమంటారు?" అన్నాడు కుర్రాడు. "నాకు రైస్ వద్దు, మటన్ ముక్కలు మాత్రం ఏరి వెయ్యి, మెతుకు అంటకూడదు." వాడు గరిటెతో అన్నం పక్కకి తోసి ఒక్కో ముక్క ఏరి, అంటుకున్న మెతుకులు గిన్నె అంచుకి దులిపి వెయ్యడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, అయిదు... ఆకు నిండిపోతోంది.

ఎదురు వరసలో మా పిన్ని కూర్చుంది, అప్పటికి బ్రాంచి మేనేజరు, యాభై దాటింది, ఆ గొంతు మాత్రం కౌంటర్ అద్దం అవతలికి కూడా వినపడేది.

"ఒరేయ్! ముక్కలన్నీ నీకేస్తే వెనకాల వాళ్ళు ఉత్తన్నం తినాలంటరా? బాబూ, నువ్వు ఆపి ఇటు రా."

కుర్రాడు బతుకుజీవుడా అని వచ్చేశాడు. అన్నయ్య ఊరుకోవచ్చు కదా. "పిన్నీ, అసలు నీ షుగర్‌కి ఆ బిరియానీ..." అని ఎత్తుకున్నాడు.

"నా షుగర్ నేను చూసుకుంటా గానీ, నీ పక్కనాయనకి చెప్పు ముందు, అయిదో స్వీటు అది" అంది పిన్ని, బంతంతా వినేలాగా.